ఊ కొట్టే చోటు

ఉచితం అన్న మాట వినపడితే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు ఆ మాటకే పొంగిపోయాను. కోసిగి దగ్గరి మా పల్లెలో, రేకుల ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని, అద్దం పగిలిన ఫోనులో సముద్రాల అవతలి విశ్వవిద్యాలయం పాఠాలు చూసేదాన్ని. నల్లబల్ల ముందు ఒక ముసలి ప్రొఫెసరు అటూ ఇటూ తిరుగుతూ చెబుతుండేవాడు. ప్రతి పాఠానికీ ముందు తెర మీద ఒక వాక్యం వచ్చేది, ఎవరైనా ఎక్కడినుంచైనా ఉచితంగా నేర్చుకోవచ్చని. ఆ ఎవరైనాలో నేను కూడా ఉన్నానని మురిసిపోయాను. వాళ్ళు అబద్ధమేమీ చెప్పలేదు. నేర్చుకోవచ్చన్నారు, నేర్చుకున్నాను. ఆ తరువాతి సంగతి వాళ్ళ పూచీ కాదు కదా.

నేను చరిత్రలో ఎం.ఏ. చేసింది దూరవిద్యలో. పుస్తకాల కట్ట పోస్టులో వచ్చేది, పరీక్ష రాయడానికి ఆదోని పోయేదాన్ని, నడుమ పాఠం చెప్పే మనిషి మొహమే ఎరగను. కాబట్టి పెద్ద చదువులో నాకు మొట్టమొదటి గురువు ఆ ఫోనులోని ముసలాయనే. ఆయన ఇంగ్లీషు సగం కూడా పట్టుబడేది కాదు. ఆపడం, వెనక్కి జరపడం, కింద నడిచే అక్షరాలు చదువుకోవడం, అర్థంకాని మాటను వెతుక్కోవడం, మళ్ళీ మొదలుపెట్టడం. గంట పాఠానికి ఒక పూట పట్టేది. చరిత్రతో మొదలై సైన్సులోకి జారిపడ్డాను. మన్ను ఎలా పుట్టింది, కలరా నీళ్ళలోంచి ఎలా పాకింది, గింజ లోపల ఏముంటుంది, ఇవన్నీ చెప్పడానికి వేరే వేరే ప్రొఫెసర్లు ఉండేవారు. బడిలో సైన్సు అంటే బట్టీ పట్టి గట్టెక్కినదాన్ని నేను. ఇంత మంచి సంగతులను మాకు అంత చేదుగా ఎందుకు తాగించారా అని ఫోను చూస్తూ బడి మీద కోపం తెచ్చుకునేదాన్ని.

ఒకరోజు మౌర్యుల కాలం మీద పాఠం వింటుంటే తెర మీద ఒక బండ కనపడింది. జొన్నగిరి దగ్గరి శాసనాల బండ. ఊరి పేరును ఆయన నోరు తిరగక వంకరగా పలికాడు గానీ, మా జిల్లా బండే. జొన్నగిరి అంటే మావాళ్ళకు బంగారం ఉందని తవ్వి చూసే ఊరు, తొలి వానలకు జనం పోయి వజ్రాల కోసం రాళ్ళు ఏరుకునే ఊరు. రెండు వేల ఏళ్ళ కిందటి అక్షరాలు ఆ పక్కనే ఉన్నాయని నాకు ఒక్కరూ చెప్పలేదు. మా బండ సంగతి నాకు చెప్పడానికి అంత దూరపు మనిషి కావలసి వచ్చింది. ఆ పూట నాకు సంతోషం కంటే సిగ్గే ఎక్కువ వేసింది.

మా ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. వానను నమ్ముకుంటే కడుపు నిండే నేల కాదు మాది. అందుకని ఊళ్ళో పంట పని అయిపోగానే ఊరికి ఊరే గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతుంది. దాన్నే మేము సుగ్గికి పోవడమంటాం. బండి కదిలే ముందు, ముందు చక్రం దగ్గర ఒకరు టెంకాయ కొడితే, వెనక చక్రం దగ్గర మా పాస్టరు ప్రార్థన చేస్తాడు. మేము చర్చికి పోయేవాళ్ళమే అయినా, అమ్మ ఇటు ఆమెన్ అనేసి అటు పోయి టెంకాయ ముక్క కూడా పుచ్చుకునేది. ఏ దేవుడు ఖాళీగా ఉంటే ఆయనే చూసుకుంటాడని ఆమె ధీమా. అక్కడ చేల పక్కన పట్టలు కప్పిన గుడిసెల్లో నెలల తరబడి కాపురం. తిరిగొచ్చిన ప్రతిసారీ మిరప ఘాటుకు అమ్మ దగ్గి దగ్గి వంగిపోయేది. ఆమెను ఇంక సుగ్గికి పోనియ్యకూడదన్నదే నా పట్టుదల. నా చదువుకు వేరే ఆశయాలేమీ లేవు. దేశాన్ని ఉద్ధరిద్దామని కాదు, అమ్మ ఆ బండి ఎక్కకుండా ఉండాలని చదివాను.

ఆదోనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర లెక్చరరు ఉద్యోగం దొరికింది. కోసిగిలో ప్యాసింజరు ఎక్కి ఆదోనిలో దిగేదాన్ని. పేరుకే లెక్చరరు. ఏ ఏడుకా ఏడు కొత్తగా పెట్టుకోవడం, వేసవి రాగానే తీసేయడం. జీతం వాళ్ళు ఇచ్చినప్పుడే జీతం. అందుకే అమ్మ సుగ్గి ఆగలేదు. అయినా చాక్‌పీసు పట్టుకుని గదిలోకి పోతే పిల్లలు లేచి నిలబడేవారు. ఆ క్షణం నాకు చాలా ఇష్టం, దాచుకోవడం దేనికి.

కాలేజీలో ఒక ప్రొజెక్టరు ఉండేది. కరెస్పాండెంటు, అంటే కాలేజీ సొంతదారు, పిల్లలను చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులకు చూపించడానికి కొన్నది. నేను దాని దుమ్ము దులిపి, నా ప్రొఫెసర్లను తెర మీదికి తెచ్చాను. స్టాఫ్ రూములో నన్ను ఫోను మేడం అని ఎగతాళి చేసేవాళ్ళు, చేసుకోనీ అనుకున్నాను. పిల్లలు మొదటి రోజు నోరు తెరుచుకుని చూశారు, రెండో రోజు నోరు తెరిచి ఆవులించారు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, “మేడం, ఆయప్పను ఆపి నువ్వు సెప్పు” అంది.

ఆ రోజునుంచి అదే పద్ధతి. ఆయనను కాసేపు నడిపించడం, ఆపడం, నేను మన మాటల్లో చెప్పడం. అమెరికాలో యుద్ధమొచ్చి అక్కడి పత్తి ఆగిపోతే ఇంగ్లండు మిల్లులు మన నల్లరేగడి వైపు తిరిగి చూశాయని, మన పత్తికి ఒక్కసారిగా ధర లేచిందని, యుద్ధం ముగియగానే అదే ధర నేల మీద పడిందని ఆయన చెబితే, నేను ఆదోని మార్కెట్ యార్డును తీసుకొచ్చి అందులో పెట్టేదాన్ని. పత్తి బేళ్ళు మోసే ఇళ్ళ పిల్లలు వాళ్ళు. ధర పడిపోవడమంటే ఏమిటో వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. గది గదంతా కదలకుండా వినేది.

చలి ముదిరేసరికి సగం బెంచీలు ఖాళీ. పిల్లలు సుగ్గికి పోయారు, అమ్మ కూడా. పరీక్షలు మాత్రం ఎవరి కోసమూ ఆగవు. పోయిన పిల్లలకు కూడా పాఠం చేరాలని నా గొంతుతో ఫోనులో రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాను. ఒక పిల్ల ఫోనును చిన్న సంచిలో వేసి మెడకు తగిలించుకుంటే, చుట్టుపక్కల సాళ్ళలో కాయలు కోస్తున్న ఆడవాళ్ళందరికీ వినపడేది. మిరపకాయ అంటిన చేతులతో ఎవరూ ఫోను ముట్టుకోరు, కాబట్టి పొద్దున పెట్టింది పెట్టినట్టు నడుస్తుండాల్సిందే.

కొన్నాళ్ళకు ఆ పిల్లే ఫోను చేసి ఫిర్యాదు చెప్పింది. ఆడవాళ్ళు వినడం లేదంట. మా వైపు చేలో పని చేస్తూ ఎవరైనా కథ ఎత్తుకుంటే పక్క సాళ్ళవాళ్ళు మాటమాటకూ ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే వినేవాళ్ళ మనసు వేరే చోట ఉందని లెక్క, చెప్పేవాళ్ళు అక్కడితో ఆపేస్తారు. ఊ కొట్టడానికి వీల్లేని కథను మావాళ్ళు కథగానే లెక్కపెట్టరు.

“నువ్వు ఊపిరాడకుండా సెప్పుకుంటా పోతాండావు మేడం. ఊ కొట్టేకి జాగా ఇయ్యలేదు నువ్వు” అంది ఆ పిల్ల.

నాకు నవ్వొచ్చింది, వెంటనే బుద్ధి కూడా వచ్చింది. పాఠాలన్నీ మళ్ళీ రికార్డు చేశాను. నాలుగు మాటలు చెప్పి ఆగేదాన్ని. ఆ ఖాళీలో గుంటూరు చేలల్లో ఆడవాళ్ళు ఊ అన్నట్టు ఊహించుకుని, ఆ ఊ విన్నాకే ముందుకు పోయేదాన్ని. నడుమ నడుమ, ఒడి నిండినవాళ్ళు కాయలు పోసి రండి, అంతవరకూ ఆగుతాను అని కూడా అనేదాన్ని. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని గోడతో అట్లా మాట్లాడుతుంటే పక్కింటామె తొంగి చూసి పోయేది. ఒకరోజు అమ్మ ఫోను చేసి, పత్తి కథ విన్నామని, ఆ తెల్లోళ్ళు బాగుపడరని శాపనార్థాలు పెట్టింది. సుగ్గి నడుమ వచ్చి పరీక్ష రాసిపోయిన పిల్లల్లో ఆ ఏడు చరిత్ర తప్పినవాళ్ళు లేరు.

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా కరెస్పాండెంటు దాకా పోయింది. పిలిచి కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించినప్పుడే నాకు అనుమానం రావలసింది. ఎమ్మిగనూరులో కొత్త కాలేజీ తెరుస్తున్నానని, చరిత్ర డిపార్టుమెంటు నా చేతిలో పెడతానని, ఇది ఏడాదికోసారి తీసేసే ఉద్యోగం కాదని, పర్మనెంటని అన్నాడు. పాఠాలన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసి ఇవ్వమన్నాడు, కొత్త పిల్లలకు మచ్చుకు వినిపిస్తారట. ఇచ్చాను. ఎందుకు ఇవ్వను? సుగ్గిలో నీ నీళ్ళ బిందె, నా నీళ్ళ బిందె అని ఉండదు. దాహమైనవాళ్ళు ముంచుకుంటారు. పాఠం కూడా అంతే అనుకునే జాతి మాది. ఆ సాయంత్రం అమ్మకు ఫోను చేసి, నీకు ఇదే ఆఖరు సుగ్గి అని చెప్పాను. ఆమె ఆ మాటను చేలో ఉన్నవాళ్ళందరికీ చాటుకుంది.

కాలేజీలు తెరిచే రోజులొచ్చాయి. ఆదోని కాలేజీనుంచి పిలుపు లేదు, ఎమ్మిగనూరునుంచీ లేదు. ఫోను చేస్తే క్లర్కు ఎత్తి, సార్ మీటింగులో ఉన్నారనేవాడు. చివరికి నేనే బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. కొత్త రంగు వాసన కొడుతున్న భవనం. మెట్లు ఎక్కుతుండగానే నా గొంతు వినపడింది. ఒక్క క్షణం భయం వేసింది, నిజం. వినపడుతున్న గది తలుపు దగ్గర నిలబడి చూశాను. తెర మీద నా ముసలి ప్రొఫెసరు చేతులు తిప్పుతున్నాడు. ఆయన గొంతు తీసేసి నా గొంతు అతికించారు. బెంచీల నిండా పిల్లలు. లెక్చరరు కుర్చీలో అటెండరు కూర్చుని కాపలా కాస్తున్నాడు.

దానికంటే ఎక్కువగా నన్ను కాల్చింది ఇంకొకటి. నా ఖాళీలు లేవు. నేను ఆగిన చోటల్లా కత్తిరించి మాటకు మాట కలిపేశారు. ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు నా గొంతు ఆపకుండా పరిగెత్తుతోంది. పిల్లలు తల ఎత్తకుండా రాసుకుంటున్నారు. ఒడి నిండినవాళ్ళు కాయలు పోసి రండి అన్న మాటను మాత్రం తీయడం మరిచిపోయినట్టున్నారు. ఉన్నట్టుండి అది రాగానే గదంతా నవ్వింది, అటెండరు టేబులు మీద చరిచి ఊరుకోబెట్టాడు.

కరెస్పాండెంటు తన గదిలోనే ఉన్నాడు. నన్ను చూసి ఏ మాత్రం ఇబ్బంది పడలేదు. నేను ఆ పాఠం చూడటానికే వచ్చినట్టు, చాలా బాగా వచ్చిందమ్మా అని మెచ్చుకున్నాడు. ఖాళీలు ఎక్కువైతే మనిషిని పెట్టి తీయించానని, బోలెడు టైము కలిసొచ్చిందని చెప్పాడు. నా ఉద్యోగం సంగతి అడిగాను. పాఠాలున్నాయి కదా, మళ్ళీ మనిషెందుకన్నాడు. నా గొంతును నన్ను అడగకుండా ఎట్లా వాడుకుంటారన్నాను. అప్పుడాయన తెర ఉన్న గది వైపు చెయ్యి చూపించి, చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు.

“అంత పెద్ద ప్రొఫెసరే ప్రపంచానికంతా ఉచితంగా ఇచ్చినాడు. నువ్వేందమ్మా, నాది నాది అంటాండావు?”

“ఆయప్పకు జీతం వస్తాది సార్,” అన్నాను. “అందుకే ఊరికే ఇచ్చినాడు.”

ఆయన నవ్వాడు. తెలివైనదానివి, ఎక్కడైనా బతుకుతావు అని దీవించి, ఫోను ఎత్తుకుని ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను బయటికి వచ్చేశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ముసలి ప్రొఫెసరును కూడా తిట్టుకున్నాను. పాపం, ఆయనకేం తెలుసు. తన దగ్గరున్నది పంచాడు. పంచిన తరువాత కూడా ఆయన కుర్చీ ఆయనకుంది, లేచి నిలబడే పిల్లలు ఆయనకున్నారు. మాలాంటివాళ్ళం పంచితే, పంచినదే వచ్చి మా కుర్చీలో కూర్చుంటుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. అనుకోడని తెలిసీ తిట్టాను. ఆ రోజు నా తిట్లకు అందిన మనిషి ఆయనొక్కడే.

అమ్మకు చెప్పడం ఇంకా కష్టమైంది. పాఠాలు ఇస్తే ఉద్యోగం పోవడమేమిటో ఆమెకు ఎంతకీ ఎక్కలేదు. నీ గొంతు నీ దగ్గరే ఉంది కదా, ఇంకోచోట చెప్పు అంది. ఇంకోచోట కోసం ఆదోనిలో, ఎమ్మిగనూరులో నేను తొక్కని గడప లేదు. ఒక ప్రిన్సిపాలు నా పాఠం కాసేపు విని, ఈ గొంతు ఎక్కడో విన్నానే అన్నాడు. ఆ పెన్‌డ్రైవు నాకంటే ముందే అన్ని మెట్లూ ఎక్కి ఉంది.

ఆ చలికాలం అమ్మ సుగ్గి బండి ఎక్కుతుంటే నేనూ ఎక్కాను. ఆ దగ్గుతో ఆమెను ఒంటరిగా పంపలేను, ఇంట్లో కూర్చుని తినడానికి ఏమీ లేదు కూడా. ఆఖరు సుగ్గి అని అమ్మ చాటిన మాట ఊళ్ళో అందరికీ గుర్తుంది, ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తి ఎగతాళి చేసినా బాగుండేది. వాళ్ళ మర్యాద నన్ను మరీ చంపింది.

చేలో నా వేషం చూసుకుంటే నాకే నవ్వొచ్చేది. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, ముక్కుకూ మూతికీ గట్టిగా చుట్టిన గుడ్డ, చేతులకు దట్టంగా నూనె. నూనె ఎంత పట్టించినా వేళ్ళు మండేవి. చదువుకున్న చేతులని మిరపకాయకు తెలియదు కదా.

మాధవరం వైపునుంచి వచ్చిన కూలీల జట్టు కూడా అదే చేలో దిగింది. వాళ్ళలో ఒక అమ్మాయి నా పక్క సాలు. ఎమ్మిగనూరులో డిగ్రీ మొదటి ఏడని వచ్చిన రోజే చెప్పింది. మరునాడు పొద్దున మెడలో సంచి తగిలించుకుని వచ్చింది, సంచిలో ఫోను. కాలేజీవాళ్ళు పిల్లలందరి ఫోన్లకూ పాఠాలు పంపారంట. నాలుగు కాయలు కోశామో లేదో, సంచిలోంచి నా గొంతు వచ్చింది.

మిరపకాయ పాఠం. మిరప మన మొక్క కాదని, ఐదు వందల ఏళ్ళ కిందట ఓడల్లో సముద్రం దాటి వచ్చిందని, అంతకుముందు మనవాళ్ళకు కారమంటే మిరియాలేనని చరిత్ర ప్రొఫెసరు చెప్పింది సగం. కాయ మంట నిజంగా వేడి కాదని, మన నరం దాన్ని నిప్పు అనుకుని మోసపోతుందని, పక్షులకు ఆ మంట తెలియదు కాబట్టి అవి తిని గింజలను దూరంగా చల్లి వస్తాయని సైన్సు ప్రొఫెసరు చెప్పింది సగం. ఆ రెంటినీ కలిపి, ఏ సిలబసులోనూ లేకపోయినా, సుగ్గి పిల్లల కోసమని నేనే అల్లాను. ఇందులోనూ ఖాళీలు తీసేశారు. అమ్మ అలవాటుగా ఊ కొట్టబోయింది. చోటు లేక ఆమె ఊ ఇంకో మాట మీద పడింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ తప్పింది. తరువాత మానుకుంది. అవతలి సాళ్ళ ఆడవాళ్ళు అప్పటికే వేరే మాటల్లో పడిపోయారు.

నేను ఉండబట్టలేకపోయాను. పక్షుల సంగతి రాగానే, గుడ్డలోంచే కాస్త గొంతు పెంచి, అమ్మకు నెమ్మదిగా నేనే చెప్పడం మొదలుపెట్టాను. కొంచెం చెప్పి ఆగాను. అమ్మ ఊ అంది. ఇంకొంచెం చెప్పి ఆగాను. అవతలి సాలులోంచి ఇంకెవరో ఊ అన్నారు. ఎన్ని నెలలకు విన్నానో ఆ ఊ. ఒళ్ళంతా తేలికైపోయింది.

“రోంత గమ్మునుండక్కా,” అంది ఆ అమ్మాయి. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. “మేడం సెప్పేది ఇనపడల్యా. నాకు ఆయమ్మ సెప్తేనే అర్థమయితాది.”

నేను నోరు మూసుకున్నాను. అమ్మ మూసుకోలేదు. చేతిలో కాయలు ఒడిలో వేసుకుని, నడుము ఎత్తి నిలబడింది. “ఆ మేడం ఈ పిల్లే పాపా. నా కూతురు.”

ఆ అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసింది. గుడ్డ చుట్టిన మొహం, నూనె చేతులు, ఎవరిదో మగవాడి చొక్కా. నవ్వింది. వెక్కిరింత కాదు, ముసలామె సరదాకు అందనుకుంది.

“ఆ మేడం సుగ్గికేంటికి వస్తాదవ్వా? అంత సదువుకునింది ఆయమ్మ. నేను గూడా అట్ల అయితే మాయమ్మను సుగ్గికి పంపేదే లేదు.”

గుడ్డ కిందికి లాగి రెండు మాటలు మాట్లాడితే చాలు, గొంతే పట్టిస్తుంది. నోటిదాకా వచ్చింది కూడా. కరెస్పాండెంటు మీదున్న కసి, నా మీద నాకున్న కసి, అంతా ఆ పిల్ల ముందు కక్కేయాలనిపించింది. కానీ నేనెవరో తెలిస్తే రేపటినుంచి ఆ పిల్ల ఏం చూసుకుని చదువుతుంది? అమ్మ నా వైపే చూస్తోంది, ఔనని చెప్పు అన్నట్టు.

“మాయమ్మకు అందరి గొంతూ నా గొంతు మాదిరే ఇనపడతాదిలే పాపా,” అన్నాను. “నువ్వు ఇను.”

ఆ అమ్మాయి మళ్ళీ కాయల మీదికి వంగింది. సంచిలోంచి నా గొంతు ఆగకుండా చెప్పుకుంటూ పోతోంది. అమ్మ నా మీదినుంచి చూపు తిప్పుకుని తన సాలులోకి వంగింది. సాలు చివరిదాకా ఇద్దరం తల వంచుకుని కోసుకుంటూ పోయాం.